గాడి పలక: ఇంటి వర్క్‌షాపులో గోడ నిల్వ (ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు ప్రాంతం)

గాడి పలక అనేది గోడకు బిగించే చెక్క లేదా ప్లైవుడ్ పలక. దాని ముఖాన సమాన దూరాల్లో అడ్డంగా గాళ్లు ఉంటాయి. కొక్కేలు, చిన్న అరలు, డబ్బాలు, పనిముట్ల పట్లు ఆ గాళ్లలో తగులుకుని నిలుస్తాయి. వాటిని మేకు పీకకుండా, కొత్త కన్నం వేయకుండా ఒక గాడి నుంచి మరో గాడికి మార్చుకోవచ్చు. దుకాణాల్లో వాడే రకాన్ని స్లాట్ వాల్ అంటారు. సెల్‌ఫోన్ విడిభాగాల షాపుల్లో, ఫ్యాన్సీ స్టోర్లలో సరుకు వేలాడదీసేది దీనిమీదే. దీన్నే ఇంట్లో, చిన్న వర్క్‌షాపులో సొంతంగా తయారు చేసుకునే పద్ధతులు, గోదావరి, మున్నేరు పరీవాహకంలోని తేమ, చెదలు, వరదలకు తగ్గట్టు అందులో చేసుకోవలసిన మార్పులు ఈ వ్యాసంలో ఉన్నాయి.

## పూర్వరూపాలు

సామాను నేల మీద పెట్టకుండా గోడకు, కప్పుకు అప్పగించడం తెలుగు ఇళ్లలో పాత పద్ధతే. మట్టిగోడల మందంలోనే గూళ్లు వదిలేవారు. గోడలో దిగేసిన చిలకకొయ్యకు సంచులు, తాళ్లు, బట్టలు తగిలించేవారు. పాలు, పెరుగు ఉట్టి మీద, ఏడాదికోసారి తీసే సామాను అటక మీద, కొడవలి చూరులో ఉండేవి. భద్రాచలం మన్యంలో కోయ కుటుంబాల పాతకాలపు ఇళ్లలో వెదురు తడికకు మట్టి మెత్తి గోడ కడతారు. అలాంటి గోడ బరువు మోయదు, గుంజలూ వాసాలే మోస్తాయి. గాడి పలక బిగించేటప్పుడు కూడా ఈ తేడా ముఖ్యమే (చూ. గోడకు బిగింపు).

చిలకకొయ్యకూ గాడి పలకకూ తేడా స్థానంలో ఉంది. కొయ్య ఒకసారి దిగితే అక్కడే ఉంటుంది, పనిముట్టే దాని దగ్గరికి రావాలి. ఈ ఇబ్బందిని తప్పించిన పారిశ్రామిక సాధనాల్లో ముందుది కన్నాల బోర్డు. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో విలియం హెచ్. మేసన్ 1924లో చెక్కపొట్టును ఆవిరితో పీచుగా మార్చి, వత్తి గట్టి అట్టను తయారు చేశాడు. మేసొనైట్ అనే ఆ అట్టకు అంగుళానికొకటి చొప్పున కన్నాలు వేసి, తీగ కొక్కేలు తగిలిస్తే అదే కన్నాల బోర్డు. గాడి పలక ఆ తర్వాతి మెట్టు. కన్నాల బోర్డులో కొక్కెం కన్నం ఉన్నచోటే నిలుస్తుంది, గాడిలో అయితే పొడవునా ఎక్కడికైనా జరుగుతుంది.

## రకాలు

టీ-గాడి పలక. గాడి నోరు ఇరుకుగా, లోపల పైకీ కిందికీ వెడల్పుగా ఉంటుంది. కొక్కెం నాలుక నోట్లోంచి దూరి పైపెదవి వెనక తగులుకుంటుంది. ఫ్యాక్టరీ పలకలు మామూలుగా 18 మి.మీ. ఎండీఎఫ్‌తో, 8×4 అడుగుల కొలతలో వస్తాయి. గాళ్ల మధ్య దూరం 3 అంగుళాలు గానీ 4 అంగుళాలు గానీ ఉంటుంది. బరువు ఎక్కువ మోయడానికి గాడిలో అల్యూమినియం పట్టీ దూరుస్తారు.

వాలు పట్టీ. దీన్ని ఫ్రెంచ్ క్లీట్ అంటారు. ఒక పట్టీ పైఅంచును 45 డిగ్రీల వాలుగా కోసి, వాలు గోడ వైపు దిగేలా గోడకు బిగిస్తారు. ఎదురువాలు ఉన్న రెండో పట్టీని అర వెనకో పెట్టె వెనకో బిగించి దాని మీద కూర్చోబెడతారు. బరువు పడేకొద్దీ వాలు ఆ అరను గోడ వైపు లాక్కుంటుంది. బరువైన సామానుకు ఇంటి వర్క్‌షాపులో దీన్ని మించింది లేదు. పట్టీల మధ్య 200 మి.మీ. దాకా దూరం ఉంచవచ్చు కాబట్టి చెక్క కూడా తక్కువ పడుతుంది.

బద్దల పలక. నిలువు చట్రం మీద చెక్క లేదా వెదురు బద్దలను సందులు వదిలి కొడతారు. ఎస్ ఆకారపు కొక్కేలు తగిలించడానికి ఇది చాలు. తేలిక సామానుకే పనికొస్తుంది.

## సామగ్రి

షాపులో అడగ్గానే దొరికేది ఎండీఎఫ్ (భారతీయ ప్రమాణం ఐఎస్ 12406). గాడి దానిలో శుభ్రంగా పడుతుంది. కానీ మామూలు ఎండీఎఫ్ నీటి తేమకు ఉబ్బుతుంది, ఉబ్బింది మళ్లీ దిగదు. గాడి కోసినచోట పీచు బయటపడుతుంది గనుక ఉబ్బడం అక్కడే మొదలవుతుంది. పైగా దాని పొరలు మందం దిశలో బలహీనం, కొక్కెం లాగేది సరిగ్గా ఆ దిశలోనే. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గోడలు చెమర్చే ఈ ప్రాంతంలో పైపూత లేని ఎండీఎఫ్ గాడి పలక తెలివైన ఎంపిక కాదు.

ప్లైవుడ్ మేలు. ఐఎస్ 303 ప్రమాణంలో ఎంఆర్, బీడబ్ల్యూఆర్ అని రెండు తరగతులు ఉన్నాయి. ఎంఆర్ గదిలోని మామూలు తేమకు తట్టుకుంటుంది, బీడబ్ల్యూఆర్ జిగురు మరిగే నీటిని కూడా కొంతమేర తట్టుకుంటుంది. ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్. వర్క్‌షాపు రేకుల షెడ్డులోనో, నీరొచ్చే వీధిలోనో ఉంటే బీడబ్ల్యూఆర్‌కు తగ్గకూడదు. షీటు మీద ఐఎస్ఐ ముద్రతో పాటు ఈ తరగతి కూడా అచ్చు వేసి ఉంటుంది, కొనేముందు రెండూ చూడాలి.

ప్లైవుడ్ లోపలి పొరలకు దేశంలో ఎక్కువగా వాడే కలపల్లో జామాయిల్ ఒకటి. ఖమ్మం, కొత్తగూడెం వైపు రైతులు జామాయిల్‌నూ సుబాబుల్‌నూ ప్రధానంగా కాగితపు గుజ్జు కోసం పెంచుతారు. సారపాకలోని కాగితపు మిల్లు చుట్టూ ఎదిగిన ఈ సాగులోంచే ‘భద్రాచలం క్లోన్లు’ అనే జామాయిల్ రకాలు దేశమంతా తెలిశాయి. జామాయిల్ దుంగను నేరుగా పలకలుగా కోసి వాడితే ఆరేటప్పుడు పగుళ్లు వేస్తుంది, మెలిపడుతుంది. అందుకే గాడి పలకకు దాన్ని ప్లైవుడ్ రూపంలో తీసుకోవడమే నయం.

గట్టి చెక్కల్లో టేకుది మొదటి స్థానం. తేమ మారినా తక్కువ కదులుతుంది, చెదలు దాని చేవను అంత తొందరగా ముట్టవు. నల్లమద్ది బలమైనదే, కానీ బరువెక్కువ, బాగా ఆరకపోతే మెలిపడుతుంది. ఇది వాలు పట్టీలకు సరిపోతుంది. పాత ఇళ్లు విప్పినప్పుడు దొరికే టేకు దూలాలు, తలుపు చట్రాలు దశాబ్దాలుగా ఆరి ఉంటాయి కనుక వాటికి మించిన సరుకు ఉండదు. కోసే ముందు లోపల మిగిలిన మేకులన్నీ వెతికి తీయాలి.

## కలప, చట్టం

అటవీ సరిహద్దు గ్రామాల్లో చెక్క ఎక్కడి నుంచి వచ్చిందన్నది పక్కన పెట్టదగ్గ ప్రశ్న కాదు. 1967 నాటి అటవీ చట్టం, 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నియమాల కింద రిజర్వు అడవి కలపను అనుమతి లేకుండా నరకడం, తరలించడం నేరం. దుంగలు కోసే మిల్లులకు 1969 నాటి సా మిల్లుల నియంత్రణ నియమాలు వర్తిస్తాయి. కాబట్టి ఇంటి పనివాడు లైసెన్సు ఉన్న కోత మిల్లు నుంచో టింబర్ డిపో నుంచో కోసిన సైజులు కొని, బిల్లు దాచుకోవాలి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. హక్కు పొందిన గిరిజన కుటుంబాలు దాన్ని సేకరించుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బద్దల పలకకు వెదురు తీసుకునేవారు అలాంటి వారి దగ్గర కొనవచ్చు.

## తయారీ: పొరల పద్ధతి

టీ-గాడిని ఒకే పలకలో చెక్కాలంటే రూటర్ మిషన్, రెండు రకాల బిట్లు కావాలి. ముందు తిన్నని బిట్‌తో గాడి తీసి, తర్వాత టీ-బిట్‌తో లోపలి వెడల్పు తీస్తారు. టీ-బిట్‌ను మధ్యలో పైకి ఎత్తడానికి వీలుండదు, ఒక అంచున దూరితే రెండో అంచున బయటికి రావాలి. చేయి కదిలితే పెదవి పోతుంది. ఇంటి వర్క్‌షాపుకు ఇంతకంటే తేలికైన దారి ఉంది. గాడిని చెక్కకుండా పొరలుగా పేర్చి కట్టడమే ఆ దారి.

నాలుగడుగుల చదరపు పలకకు లెక్క ఇది. వెనక పొరకు 12 మి.మీ. ప్లైవుడ్, 1220×1220 మి.మీ. దాని మీద 6 మి.మీ. ప్లైవుడ్‌లో కోసిన 45 మి.మీ. వెడల్పు ఎడం పట్టీలు 16. వాటి మీద 6 మి.మీ. ప్లైవుడ్‌లోనే కోసిన 66 మి.మీ. వెడల్పు ముఖపట్టీలు 16. ముఖపట్టీల మధ్య 9 మి.మీ. నోరు వదిలితే గాళ్ల మధ్య దూరం 75 మి.మీ. అవుతుంది. ప్రతి ముఖపట్టీ ఎడం పట్టీని దాటి పైనా కిందా 10.5 మి.మీ. ముందుకు పొడుస్తుంది. అదే గాడి పెదవి. మొత్తం ఎత్తు 1191 మి.మీ., మిగిలిన 29 మి.మీ. పైనా కిందా సమంగా పంచుకోవాలి. రంపపు వాత 3 మి.మీ. వేసుకున్నా, ఈ 32 పట్టీలూ ఒకే 8×4 షీటులో వస్తాయి. వెనక పొరకు సగం షీటు చాలు. తయారైన పలక బరువు సుమారు 20 కిలోలు.

6 మి.మీ. షీటును పొడవు వెంట కాకుండా అడ్డంగా కోయాలి. అప్పుడు పట్టీలు 1220 మి.మీ. పొడవున వస్తాయి, పైపొర నార పట్టీకి అడ్డంగా ఉంటుంది. కొక్కెం లాగినప్పుడు పెదవి విరిగేది నార వెంటనే కాబట్టి, నార అడ్డంగా ఉంటే పెదవి బలపడుతుంది. పొడవు దిశలో కావలసిన గట్టిదనాన్ని వెనక పొర ఇస్తుంది. అడ్డకోతలో అంచు చెదరకుండా గీత మీద టేపు అంటించి, సన్నపళ్ల రంపం వాడాలి.

కోత మొదలుపెట్టకముందే బజారులో ఒక కొక్కెం కొని తెచ్చుకోవాలి. దుకాణపు కొక్కేల నాలుక సన్నని పెదవికి సరిపోయేలా చేస్తారు. ముఖపట్టీ 12 మి.మీ. ఉంటే అది తగులుకోదు. సొంతంగా చెక్కతోనో ఇనుప పట్టీతోనో కొక్కేలు చేసుకునేవారు మాత్రం 12 మి.మీ. ముఖపట్టీతో మరింత గట్టి పలక కట్టుకోవచ్చు.

అతికించే వరుస కింది నుంచి పైకి. మొదటి ఎడం పట్టీని మూలమట్టంతో సరిచూసి, నీళ్లు తట్టుకునే రకం జిగురు రాసి స్క్రూలతో బిగించాలి. మిగతా వాటికి కొలత టేపును నమ్మకుండా, ఎడం పట్టీల మధ్య దూరానికి సరిగ్గా 30 మి.మీ. వెడల్పున్న రెండు చెక్కముక్కలు కోసుకుని అడ్డుపెడితే పదహారు వరుసల్లో తేడా పేరుకోదు. ముఖపట్టీలకు 9 మి.మీ. ముక్కలు పెట్టాలి. గాడిలోకి కారిన జిగురు ఎండకముందే తుడవాలి. ఎండాక అక్కడికి ఉలి కూడా సరిగా అందదు.

వాలు పట్టీలకు 18 మి.మీ. ప్లైవుడ్‌ను 150 మి.మీ. వెడల్పు పట్టీలుగా కోసి, ఒక్కోదాన్ని మధ్యలో 45 డిగ్రీలకు చీల్చితే జత తయారవుతుంది. వాలు కొసను రెండు మి.మీ. చిత్రిక పట్టి మొద్దు చేయాలి. లేకపోతే కొస అడుగున తగిలి, వాలు వాలుకు ఆనదు.

పట్టీలు సన్నవి గనుక కోసేటప్పుడు చెయ్యి రంపానికి దగ్గరవుతుంది. చివరి అడుగు దూరం తోపు కర్రతోనే నెట్టాలి. చెక్కపొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. ముక్కుకు కట్టిన తువ్వాలు సన్నపొడిని ఆపదు, సరైన మాస్కు ఉండాలి.

## తేమ, కదలిక

చెక్క తేమను పీల్చి ఉబ్బుతుంది, వదిలి కుంచించుకుపోతుంది. ఎక్కువగా మారేది వెడల్పే, పొడవు దాదాపు మారదు. చెక్కలోని తేమ ఒక శాతం మారితే వెడల్పు సుమారు పావు శాతం మారుతుందని లెక్క వేసుకోవచ్చు. మే నెల వడగాడ్పుల నుంచి ఆగస్టు ముసురు దాకా తేమ 8 శాతం పెరిగిందనుకుంటే, 66 మి.మీ. గట్టి చెక్క పట్టీ 1.3 మి.మీ. వెడల్పవుతుంది. 9 మి.మీ. నోరు 7.7కు తగ్గుతుంది, వేసవిలో వదులుగా జరిగిన కొక్కెం వానాకాలంలో పట్టేస్తుంది. గట్టి చెక్క వాడేవారు నోరు 11 మి.మీ. ఉంచాలి. అదే గట్టి చెక్క ముక్కలు అతికించి నాలుగడుగుల వెడల్పు పలక చేస్తే కదలిక 24 మి.మీ. దాకా వస్తుంది, పలక విల్లులా వంగుతుంది లేదా చీలుతుంది. ప్లైవుడ్ పొరల నార ఒకదానికొకటి అడ్డంగా ఉండి ఈ కదలికను చాలావరకు అణచేస్తుంది.

పైపూత ముందువైపు ఒక్కటే వేస్తే ఒక ముఖం తేమ పీల్చి మరొకటి పీల్చక పలక వంగుతుంది. సీలర్, వార్నిష్ రెండు వైపులా, అంచులకు మరో రెండు చేతులు పడాలి. గాడి లోపలి భాగాలకు ముఖపట్టీ అతికించకముందే పూత వేసుకోవాలి, జిగురు తగిలేచోటు మాత్రం వదిలేయాలి.

వెదురు బద్దలకు పుప్పి పురుగు బాధ ఎక్కువ. బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో నానబెట్టి నీడన ఆరబెడితే అది తగ్గుతుంది. ఈ మందు నీళ్లకు కొట్టుకుపోతుంది కనుక తడి తగిలేచోట దీన్ని నమ్ముకోలేం.

## గోడకు బిగింపు

బరువు పలక మీద పడే తీరును చిన్న లెక్కతో చూడవచ్చు. 4 కిలోల డ్రిల్ మిషన్ గోడకు 150 మి.మీ. దూరంలో వేలాడుతోంది, కొక్కెం మడమ గాడికి 50 మి.మీ. కింద ఆనుతోంది. అప్పుడు పైపెదవిని బయటికి లాగే బలం 12 కిలోల బరువుకు సమానం. దూరం రెట్టింపైతే లాగుడు కూడా రెట్టింపవుతుంది. అందుకే బరువైనవి గోడకు దగ్గరగా ఉండాలి, కొక్కెం మడమ పొడవుగా ఉండాలి.

9 అంగుళాల ఇటుక గోడ దీనికి నిశ్చింతగా సరిపోతుంది. కన్నం ఇటుకలో పడాలి, సిమెంటు అతుకులో పడితే ప్లగ్ పట్టు దొరకదు. ప్లాస్టరింగు మందాన్ని పట్టులో కలపకూడదు. పలక 24, వెనక బద్ద 20, ప్లాస్టరు 15, ఇటుకలో 40 కలిపితే స్క్రూ పొడవు 100 మి.మీ. దగ్గర అవుతుంది. నాలుగున్నర అంగుళాల అడ్డగోడకు తేలిక సామానే పెట్టాలి. బోలు సిమెంటు ఇటుకలకు, తేలిక బ్లాకులకు వాటికని అమ్మే ప్లగ్గులు వేరే ఉంటాయి, మామూలువి తిరిగి ఊడిపోతాయి. రేకుల షెడ్డులో రేకుకు కాకుండా ఇనుప యాంగిలర్ చట్రానికి బిగించాలి. మట్టిగోడ, తడిక గోడ ఉన్న ఇంట్లో రెండు గుంజల మధ్య అడ్డకర్రలు కట్టి, పలకను వాటికే అప్పగించాలి.

పలకకూ గోడకూ మధ్య నిలువు బద్దలు పెట్టి సందు వదలడం ఇక్కడ తప్పనిసరి. బద్దలు నిలువుగా ఉంటే గాలి కింది నుంచి పైకి ఆడుతుంది. గోడ చెమ్మ పలకకు ఎక్కదు, చెదలు మట్టి బాట కట్టినా పక్క నుంచి చూస్తే కనిపిస్తుంది. అదే కారణానికి పలక కింది అంచు నేలకు కనీసం 150 మి.మీ. పైన ఉండాలి.

## వరద ప్రాంతంలో వాడకం

భద్రాచలం దగ్గర గోదావరికి 43, 48, 53 అడుగుల వద్ద మూడు ప్రమాద హెచ్చరికలు ఉన్నాయి. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. ఖమ్మంలో 2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్, బొక్కలగడ్డ వంటి లోతట్టు కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. ఇంతటి వరదకు గోడ మీద ఎంత ఎత్తున పెట్టినా సామాను మునుగుతుంది. పలక ఇచ్చే మేలు వేరే చోట ఉంది. పనిముట్లన్నీ పట్ల మీద ఉంటే, ఆ పట్లను అలాగే ఎత్తి తీసుకెళ్లవచ్చు. వాలు పట్టీ మీద కూర్చున్న పనిముట్ల పెట్టెను స్క్రూ విప్పకుండా రెండు చేతులతో లేపి డాబా మీదికి చేర్చవచ్చు. గోదావరి వరద ఎగువ నుంచి వచ్చేసరికి మొదటి హెచ్చరికకూ మూడోదానికీ మధ్య ఈ పనికి సమయం దొరుకుతుంది. మున్నేరు అంత వ్యవధి ఇవ్వదు. కనుక అక్కడ మోటార్లున్న పనిముట్లన్నీ ఒకే పెట్టెలో, ఒక్కరు మోయగల బరువులో ఉంచుకోవాలి.

నీట మునిగిన పలకను ఎండలో పెట్టకూడదు. పైపొర త్వరగా ఆరి లోపలిది ఆరక పలక వంగుతుంది. ముందు గాళ్లలోని ఒండ్రును మంచినీళ్లతో కడిగి, గోడ నుంచి విప్పి, రెండు వైపులా గాలి ఆడేలా నీడలో నిలబెట్టాలి. గోడ ఆరకముందే తిరిగి బిగించకూడదు. ఎండీఎఫ్ పలక ఇందులో మిగలదు. బీడబ్ల్యూఆర్ ప్లైవుడ్ పలకలో పొరలు విడిపోకుండా ఉంటే, ఊడిన పట్టీలను మళ్లీ అతికించి, అంచులకు పూత వేసి వాడుకోవచ్చు. స్క్రూలు తుప్పు పట్టి ఉంటాయి గనుక వాటిని మాత్రం మార్చాలి. కొత్తవి స్టెయిన్‌లెస్ స్టీలువి వేస్తే మరుసటి సారి విప్పడం సులువు.